తొక్కాం సరే, కదలదేం?

నలభై హార్స్‌పవర్ కూడా లేని మారుతి 800ని నడిపినవాళ్ళు దాన్ని చాలా మాటలన్నారు. ఎత్తు ఎక్కదన్నారు, నలుగురు కూర్చుంటే ఈడవదన్నారు, ఏసీ వేస్తే నీరసపడుతుందన్నారు. కాలు కదిపితే పలకదని మాత్రం ఎవరూ అనలేదు. ఇప్పుడు ఇరవై లక్షలు పోసి కొన్న, 160 హార్స్‌పవర్ ఉన్న ఆటోమేటిక్ ఎస్‌యూవీ యజమాని సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకునే బాధ వేరు. "తొక్కుతాను సార్, కాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది." అడ్వైజర్ స్కానర్ పెట్టిస్తాడు, ఎర్రర్ కోడ్ ఏదీ రాదు. ఈ మోడల్ బండ్లన్నీ ఇంతేనని చెప్పి పంపేస్తాడు. చిక్కేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను అంటే 22 మీటర్ల రోడ్డు. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటబోతూ కాలు నొక్కాక ఆ 22 మీటర్లు ఉత్తినే పోతే, ఎదురుగా వచ్చే బస్సు కూడా దాదాపు అంత దూరమూ దగ్గరపడి ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులోకి ర్యాంపు మీంచి కలిసేటప్పుడూ అదే ఇబ్బంది. వెనక వచ్చే కారు వేగాన్ని చూసి మనం వేసుకున్న అంచనా, మన బండి ఆలోచించుకునే లోపల తారుమారవుతుంది. కాబట్టి ఈ ఫిర్యాదును సుకుమారపు డ్రైవర్ల నసగా కొట్టిపారేయడం తప్పు. అలాగని బండిలో ఏదో చెడిపోయిందని అనుకోవడం కూడా చాలాసార్లు పొరపాటే. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం తయారీదారు తెలిసి తెలిసి పెట్టింది. కొంత చట్టానికి లోబడి, కొంత పన్ను తగ్గుతుందని, కొంత లోపల కూర్చున్నవాళ్ళ మెడలు పట్టేయకుండా ఉండటానికి.

మొదట పెడల్ సంగతి. పాత బండ్లలో యాక్సిలరేటర్ నుంచి థ్రాటిల్ దాకా ఉక్కు కేబుల్ ఉండేది. కాలు ఎంత కదిలితే గాలి వెళ్ళే దారిలోని రేకు అంత తెరుచుకునేది, మధ్యలో ఎవరి పెత్తనమూ లేదు. 1980ల చివర్లో బీఎండబ్ల్యూ తన పన్నెండు సిలిండర్ల 750 మోడల్‌లో కేబుల్ తీసేసి విద్యుత్‌తో నడిచే థ్రాటిల్ పెట్టింది. ఇవాళ చవక హ్యాచ్‌బ్యాక్‌లో కూడా అదే ఉంది. పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి. ఒకదాని వోల్టేజీ రెండోదానికి సగం ఉండేలా చాలా కంపెనీలు అమరుస్తాయి. ఆ లెక్క ఎక్కడైనా తప్పితే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, అనుమానపడి, ఇంజన్ శక్తిని కుదించి, ఇంటికి చేరేంత మాత్రమే మిగులుస్తుంది. అంటే మన కాలు ఇప్పుడు అర్జీ మాత్రమే పెడుతుంది. దాన్ని చదివి, ఇంత టార్క్ ఇవ్వవచ్చని నిర్ణయించి, రేకునీ ఇంధనాన్నీ టర్బోనీ గేరునూ కదిలించేది కంప్యూటర్లు. ఆ అర్జీ నాలుగు బల్లలు దాటాలి: పెడల్ లెక్క, గాలి, టర్బో, గేర్‌బాక్స్. ఏ బల్ల దగ్గర ఆగుతోందో కనుక్కోకుండా డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళే మన దగ్గర ఎక్కువ.

ఈ ఎలక్ట్రానిక్ పెడల్ మీద ప్రపంచమంతా ఒకసారి అనుమానపడింది. 2009, 2010 సంవత్సరాల్లో టయోటా కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అమెరికాలో గగ్గోలు పుట్టింది, లక్షల బండ్లు వెనక్కి పిలిపించారు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ కోరితే నాసా ఇంజనీర్లు పరిశీలించారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో అలాంటి పెద్ద దూకుడుకు ఎలక్ట్రానిక్ లోపం కారణమన్న ఆధారం దొరకలేదన్నారు. తేలినవి రెండు యాంత్రిక కారణాలు: పెడల్‌ను పట్టేసే కాళ్ళ కింది మ్యాట్, వెనక్కి రాకుండా బిగుసుకునే పెడల్. ఆ తర్వాత ఒక జాగ్రత్త కంపెనీలన్నిటికీ అలవాటైంది. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కితే బ్రేకు మాటే చెల్లుతుంది, ఇంజన్ శక్తి తగ్గిపోతుంది. మన విషయానికి ఇది ఎందుకంటే, ఆటోమేటిక్‌లో క్లచ్ లేదు కదా అని ఎడమ కాలిని బ్రేకు మీద ఆనించి నడిపే అలవాటు కొందరికుంది. బ్రేకు స్విచ్ ఏ మాత్రం తగిలి ఉన్నా ఈసీయూ ఆగి చూస్తుంది. "ల్యాగ్" అని వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని ఆ ఎడమ కాలి దగ్గరే తీరిపోతాయి.

రేకు తెరవడానికి మోటారుకు పెద్ద సమయం పట్టదు, సెకనులో చిన్న భాగం. అయినా కాలు కదిలినంత వేగంగా ఈసీయూ దాన్ని తెరవనివ్వదు. ఇంజన్ టార్క్ ఒక్కసారిగా వచ్చి పడితే గేర్‌బాక్స్‌లో, డ్రైవ్ షాఫ్టుల్లో, ఇంజన్ మౌంటుల్లో ఉన్న సందులన్నీ ఠక్కున మూసుకుని బండి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు క్లచ్ వదిలినప్పుడు వచ్చే కుదుపు లాంటిది. దాన్ని చంపడానికి టార్క్‌ను మెల్లగా ఎక్కించే ఫిల్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కుటుంబాల కోసం తయారైన ఎస్‌యూవీలో ఆ ఫిల్టర్‌ను ఇంకా మెత్తగా పెడతారు. ఎకో, నార్మల్, స్పోర్ట్ అని ఉండే మీటలు ముఖ్యంగా మార్చేది ఈ ఫిల్టర్‌ను, పెడల్ లెక్కను, గేరు మారే సమయాలను. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లో వాటికి జిప్, జాప్, జూమ్ అని పేర్లు పెట్టారు. పేరు ఏదైనా ఇంజన్ మాత్రం అదే.

ఇక చట్టం. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్ 6 పొగ ప్రమాణం వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి దాని రెండో దశలో ప్రయోగశాలలోనే కాకుండా రోడ్డు మీద నడుస్తూ ఉండగా వచ్చే పొగనూ కొలవడం మొదలైంది. ఇంజన్ బాగా మురికిగా మండే క్షణాల్లో పెడల్ ఠక్కున నొక్కిన క్షణం ఒకటి. అందుకని తయారీదారులు ఆ క్షణాన్నే మెత్తబరిచారు. దీనికి తోడు కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్‌ను కిలోమీటరుకు 113 గ్రాముల దగ్గర ఉంచాలన్న కెఫే నిబంధన 2022-23 నుంచి అమల్లో ఉంది. ఆ గ్రాములు తగ్గాలంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వీలైనంత త్వరగా పై గేరుకు ఎక్కాలి. గంటకు 50 కిలోమీటర్లకే అయిదో గేరో ఆరో గేరో వేసుకుని, 1,300 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ సుఖంగా గురక పెడుతూ ఉంటుంది. మైలేజీకి అది బంగారు స్థానం. అక్కడి నుంచి హఠాత్తుగా లేవమంటే మాత్రం దానికి చాలా పని ఉంది.

పన్ను కథ మరీ మనదే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ తగ్గించారు. ఆ గీత జీఎస్టీలోకీ నడిచొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. దానివల్ల మన కాంపాక్ట్ ఎస్‌యూవీలు పెద్ద ఒళ్ళూ చిన్న గుండే ఉన్నవయ్యాయి. ఒక లీటరు, 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్‌కు టర్బో తగిలించి పెద్ద బండిని లాగిస్తున్నాం. టర్బో తిరుగుతున్నంతసేపు అది పెద్ద ఇంజనే. తిరగని క్షణాల్లో దాని అసలు పరిమాణం బయటపడుతుంది.

టర్బో విషయంలో రెండు వేర్వేరు సంగతుల్ని అందరూ కలిపేస్తుంటారు. ఒకటి, ఫలానా ఆర్‌పీఎం కంటే కింద ఇంజన్ వదిలే పొగకు టర్బైన్‌ను తగినంతగా తిప్పే బలమే ఉండదు. అక్కడ ఎంతసేపు తొక్కి పట్టుకున్నా లాభం లేదు, ఇంజన్ వేగం పెరగాల్సిందే. రెండోది, ఆ గీత దాటాక కూడా టర్బైన్ నిమిషానికి లక్ష, లక్షన్నర చుట్ల వేగాన్ని అందుకోవడానికి పట్టే సమయం. మొదటిదానికి మందు గేరు తగ్గించడం. రెండోదానికి మందు టర్బో రూపకల్పనలో ఉంది, మన చేతిలో లేదు. టర్బో పెట్రోల్ ఇంజన్ల కంప్రెషన్ నిష్పత్తిని నాకింగ్ భయంతో కాస్త తక్కువగా ఉంచుతారు కాబట్టి గాలి ఒత్తిడి లేనప్పుడు అవి అదే సీసీ ఉన్న మామూలు ఇంజన్ కంటే కూడా మందంగా ఉంటాయి.

బ్రోషర్ ఈ విషయంలో కొనేవాణ్ణి చక్కగా మభ్యపెడుతుంది. హ్యుందాయ్ క్రెటా 1.5 టర్బో 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎం దాకా 253 న్యూటన్ మీటర్లు ఇస్తుందని ఉంటుంది. అదే క్రెటాలో టర్బో లేని 1.5 పెట్రోల్‌కు 144 మాత్రమే, అదీ 4,500 దగ్గర. రెండు అంకెలూ నిజమే. కానీ ఆ 253ను కొలిచినప్పుడు ఇంజన్‌ను 1,500 దగ్గర కట్టి ఉంచి, పెడల్ పూర్తిగా నొక్కి, టర్బో ఒత్తిడి నిండాక లెక్క చూస్తారు. ఎంత టార్క్ అన్నది అందులో ఉంది, ఎంతసేపటికి అన్నది లేదు. ఊరిలో మామూలుగా నడిపేటప్పుడు టర్బో లేని 144 కాలికి ముందు అందడమూ, టర్బో ఉన్న 253 వెనకబడటమూ అందుకే. నా మట్టుకు నాకు, కంపెనీలు గరిష్ఠ టార్క్ పక్కనే, పెడల్ నొక్కాక అందులో సగం రావడానికి పట్టే సమయాన్ని కూడా అచ్చువేయాలనిపిస్తుంది. ఏ కంపెనీ వేయదు, అది వేరే మాట.

డీజిల్‌లో ఇంకో బిగింపు ఉంది. పాత డీజిల్ బండి తొక్కగానే నల్లటి పొగ కక్కుతూ లేచేది, గాలి రాకముందే ఇంధనం పోసేవారు కాబట్టి. ఇప్పుడు గాలి వచ్చినంతకే డీజిల్ పోయాలని ఈసీయూలో హద్దు ఉంటుంది. టర్బో గాలి తెచ్చేదాకా ఇంధనం ఆగుతుంది, ఇంధనం మండేదాకా టర్బో వేగం అందుకోదు. వేరియబుల్ రెక్కల టర్బో ఈ ముడిని చాలావరకు విప్పింది. టయోటా ఫార్చ్యూనర్ 2.8 ఆటోమేటిక్ 1,600 ఆర్‌పీఎం నుంచే 500 న్యూటన్ మీటర్లు ఇవ్వగలిగేది అందుకే. అయినా రెండు టన్నులు దాటిన బరువు బరువే.

అసలు రసవత్తరమైన ఘట్టం గేర్‌బాక్స్‌ది. "టర్బో ల్యాగ్" అని జనం తిట్టుకునేదాంట్లో పెద్ద వాటా నా ఉద్దేశంలో గేర్‌బాక్స్‌కు చెందాల్సింది. పై గేరులో 1,400 దగ్గర పోతున్న బండిని ఓవర్‌టేక్ కోసం నొక్కితే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో జరిగే వరస చూడండి. మైలేజీ కోసం బిగించి ఉంచిన లాక్-అప్ క్లచ్‌ను ముందు విడిపించాలి. డ్రైవర్‌కు ఎంత కావాలో అంచనా వేసి ఎన్ని గేర్లు దిగాలో తేల్చుకోవాలి. ఒక క్లచ్ వదిలి మరో క్లచ్ పట్టాలి, ఆ సందులో కుదుపు రాకుండా ఇంజన్ టార్క్ కాస్త తగ్గించాలి. అంతా అయ్యాక ఇంజన్ 3,000 దగ్గరికి చేరుతుంది, అప్పుడు టర్బో నిండుతుంది. ఒక్కో మెట్టుకూ పట్టేది సెకనులో కొన్ని పదో వంతులే. కలిపితే ఒక సెకను దాటిపోతుంది.

దీన్ని మనమే ఇంకా పాడుచేసే పద్ధతి ఒకటుంది. కాస్త నొక్కుతాం. ఏమీ కాదు. ఇంకాస్త నొక్కుతాం. గేర్‌బాక్స్ అప్పుడే ఒక గేరు దిగడానికి సిద్ధపడి పని మొదలుపెట్టి ఉంటుంది. విసుగొచ్చి పూర్తిగా నొక్కేస్తాం. ఇప్పుడది మొదలుపెట్టినదాన్ని ముగించి, మళ్ళీ ఇంకో గేరు దిగాలి. ఒకే నిర్ణయంతో, ఒకే కదలికతో నొక్కితే చాలా గేర్‌బాక్సులు నేరుగా రెండు గేర్లు దిగగలవు. కొన్ని కార్ల పెడల్ అడుగున క్లిక్‌మనే కిక్‌డౌన్ స్విచ్ ఉండేది అందుకే.

గేర్ల సంఖ్య పెరిగితే ఈ తడబాటు తగ్గాలి కదా అనుకుంటాం. తొమ్మిది గేర్ల పెట్టె దానికి జవాబు. జెడ్ఎఫ్ రూపొందించిన తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ 2014 మోడల్ జీప్ చెరోకీలో అమెరికా మార్కెట్‌కు వచ్చింది. ఇరుకైన జాగాలో అన్ని గేర్లను ఇమడ్చడానికి అందులో రెండు చోట్ల మామూలు పలకల క్లచ్‌లకు బదులు పళ్ళ క్లచ్‌లు వాడారు. పళ్ళు కలవాలంటే రెండు వైపుల వేగమూ సరిగ్గా సమం కావాలి. అయిదు నుంచి నాలుగుకూ, ఎనిమిది నుంచి ఏడుకూ దిగేటప్పుడు అక్కడ క్షణం ఆగాల్సి వచ్చేది. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ సిద్ధం కాక ఆ బండి షోరూములకు రావడమే ఆలస్యమైంది, వచ్చాక కూడా ఒకటి వెనక ఒకటి సాఫ్ట్‌వేర్ మార్పులు ఇచ్చారు. ఫ్రీవేలోకి కలిసేటప్పుడు బండి సందేహించడం అమెరికా తెలుగువాళ్ళకు తెలియని అనుభవమేమీ కాదు. అదే కుటుంబపు తొమ్మిది గేర్ల పెట్టె తర్వాత మన దేశంలో జీప్ కంపాస్ డీజిల్‌లోకీ వచ్చింది. ఈ కథలో నాకు కనిపించే పాఠం ఒకటి: ఇనుము మార్చకుండా, సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి ఆలస్యాన్ని గమనించదగ్గంతగా తగ్గించవచ్చు. సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి "ల్యాగ్ ఉంది" అనేకంటే "నా ఈసీయూలో, గేర్‌బాక్స్ కంప్యూటర్ టీసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏది, దానికంటే కొత్తది వచ్చిందా" అని రాతపూర్వకంగా అడగడం వంద రెట్లు మేలు.

డ్యూయల్ క్లచ్ పెట్టెలు పరుగులో ఉన్నప్పుడు మెరుపులా గేరు మారుస్తాయి. వాటి బలహీనత నడకలో బయటపడుతుంది. జంక్షన్ దగ్గర పూర్తిగా ఆగకుండా పది కిలోమీటర్ల వేగంలో దొర్లుతూ, సందు దొరికి నొక్కితే, ఒకటో గేరా రెండో గేరా అన్న మీమాంసలో పడతాయి. పైగా పొడి క్లచ్ ఉన్నవి వేడెక్కకుండా తమను తాము కాపాడుకోవాలి కాబట్టి క్లచ్‌ను ఆచితూచి కలుపుతాయి. టాటా నెక్సాన్‌లోని ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టె (డీసీఏ) ఆయిల్‌లో మునిగిన క్లచ్‌ది, మన ట్రాఫిక్ వేడికి అది నయం. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ మన దగ్గర 2013లో డ్యూయల్ క్లచ్‌తో వచ్చి, 2017 చివర్లో మార్పులు చేసినప్పుడు టార్క్ కన్వర్టర్‌కు మారింది. వేగంగా గేరు మార్చడమూ, సాఫీగా కదలడమూ ఒకటి కాదని ఆ మార్పే చెబుతుంది.

గేర్ల మెట్లు లేని సీవీటీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంజన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. టర్బో లేని ఇంజన్‌తో కలిస్తే ఊళ్ళో చక్కగానే ఉంటుంది. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కు మన కాలూ చెయ్యీ బదులు యంత్రం పెట్టడం. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర జనంలోకి వచ్చింది. గేరు మారే ప్రతిసారీ శక్తి తెగి మళ్ళీ కలుస్తుంది. ఆ ఆలస్యం దాని పుట్టుకలోనే ఉంది. కాలు కాస్త తేలికచేసి గేరు పడనిచ్చి మళ్ళీ నొక్కడం తప్ప దానికి చికిత్స లేదు, అది తెలిసి కొనాలి.

ఇంతదాకా చెప్పింది ఆరోగ్యంగా ఉన్న బండి సంగతి. నిన్నటిదాకా బాగుండి ఇవాళ మందగించిన బండి లెక్క వేరు, ఆ తేడాను మొదట అడగాలి. కొన్నప్పటి నుంచీ ఇంతేనా, మధ్యలో వచ్చిందా? మధ్యలో వచ్చిందంటే జబ్బే, దాన్ని వెతకాలి. మెకానిక్‌లు "పుల్లింగ్ లేదు" అనే బండ్లలో తరచూ దొరికేవి ఇవీ: ఇంటర్‌కూలర్‌కు వెళ్ళే హోస్ పైపు చీలడం లేదా క్లిప్పు వదులవడం, అప్పుడు నొక్కినప్పుడల్లా బుస్సుమనే చప్పుడు వస్తుంది. గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము పేరుకోవడం, దాంతో ఈసీయూ గాలి తక్కువుందనుకుని డీజిల్ తక్కువ పోస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి గట్టిపడి అది పూర్తిగా మూసుకోకపోవడం. టర్బో రెక్కలు మసికి బిగుసుకోవడం. సగం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. పొగలోని మసిని పట్టే వడపోత డీపీఎఫ్‌లో మసి నిండి మాటిమాటికీ కాల్చుకోవాల్సి రావడం, ఊళ్ళోనే తిరిగే డీజిల్ బండ్లకు ఇది తప్పదు, అప్పుడప్పుడూ హైవే మీద అరగంట పరుగెత్తించాలి. పెట్రోల్‌లో థ్రాటిల్ బాడీ చుట్టూ జిగట మసి. దాన్ని శుభ్రం చేయడం ఇరవై నిమిషాల పనే కానీ, తర్వాత స్కానర్‌తో థ్రాటిల్‌కు మళ్ళీ నేర్పించాలి. ఆ రెండో పని మర్చిపోయి, శుభ్రం చేశాక బండి ఇంకా పాడైందని వాపోయేవాళ్ళున్నారు. ఏ జబ్బూ లేకున్నా టైర్లు కారణం కావచ్చు. కంపెనీ ఇచ్చినవాటికంటే పెద్ద చక్రాలూ బరువైన అల్లాయ్‌లూ వేసుకుంటే గేర్లన్నీ ఒక మెట్టు పొడవైనట్టే. చూపు కోసం వేసుకున్న టైరు పికప్‌ను తినేస్తుందని టైర్ల షాపువాడు చెప్పడు. ఈమధ్య ప్రతి నేరమూ ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ మీద పడుతోంది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ తగ్గడం నిజం, కానీ కాలికీ చక్రానికీ మధ్య పుట్టే ఆ అర సెకనుకు దాన్ని ముద్దాయిని చేయడం అన్యాయం.

ఎక్కడ ఆగుతోందో ఇంటి దగ్గరే చాలావరకు తేల్చుకోవచ్చు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం ఆన్‌లైన్‌లో ఏ మూలనైనా దొరుకుతుంది. ఫోన్‌లో పెడల్ స్థానం, థ్రాటిల్ స్థానం, మానిఫోల్డ్ ఒత్తిడి, ఆర్‌పీఎం, ఈ నాలుగే ఎంచుకోవాలి. ఎక్కువ ఎంచుకుంటే చవక పరికరం నత్తనడక నడుస్తుంది. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద నొక్కి గీతలు చూస్తే, పెడల్ గీత లేచాక థ్రాటిల్ గీత లేవడానికి పట్టే సమయం సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌ది. థ్రాటిల్ లేచాక ఒత్తిడి గీత సాగుతూ ఉంటే టర్బోది. ఆర్‌పీఎం ముందు కదలకుండా ఉండి తర్వాత ఒక్కసారిగా మెట్టెక్కితే గేర్‌బాక్స్‌ది. పరికరం కూడా అక్కర్లేదనుకుంటే, మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు వేసి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పోతూ నొక్కి చూడండి. అక్కడ బండి వెంటనే పలికితే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది, ఆలస్యమంతా గేర్ల ఎంపికలో ఉంది.

ఇంకో పరీక్ష మరీ ముఖ్యం, ఎందుకంటే అది పది, పదిహేను వేలు మిగులుస్తుంది. పెడల్‌ను అడుగంటా ఒక్కసారిగా నొక్కండి. అప్పుడు కూడా అదే ఆలస్యం ఉంటే, యాక్సెసరీ షాపులో "థ్రాటిల్ కంట్రోలర్" పేరుతో అమ్మే డబ్బా మీకు ఎందుకూ పనికిరాదు. ఆ డబ్బా పెడల్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని ఒకే పని చేస్తుంది. మీరు ముప్పై శాతం నొక్కితే అరవై నొక్కారని పై బల్లకు అబద్ధం చెబుతుంది. నూరు శాతం నొక్కినప్పుడు చెప్పడానికి దాని దగ్గర అబద్ధం మిగలదు. టర్బో వేగంగా తిరగదు, గేరు వేగంగా పడదు, ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. మరి పెట్టించుకున్నవాళ్ళు బండి మారిపోయిందని ఎందుకంటారు? ఎందుకంటే సగం నొక్కుడుకే గేరు దిగుతోంది. పెడల్ పైభాగం మరీ మందంగా ఉన్న బండిలో ఆ హాయి నిజమైనదే, దాన్ని నేను కాదనను. కానీ అదే హాయి స్పోర్ట్ మోడ్‌లో ఉచితంగా దొరుకుతుంది, లేదా కాలు ఇంకో అంగుళం దింపితే దొరుకుతుంది. పైగా పార్కింగ్‌లో, వాన పడిన రోడ్డు మీద, అతి చురుకైన పెడల్ ఇబ్బందే.

ఈసీయూ రీమ్యాప్ అంతకంటే లోతైన పని. అది పెడల్ లెక్కనూ, ఫిల్టర్‌నూ, టర్బో ఒత్తిడినీ, టార్క్ హద్దులనూ తిరగరాస్తుంది. బాగా చేసినవాడి చేతిలో ఆలస్యం నిజంగానే తగ్గుతుంది. అయితే ఆ హద్దులు ఎవరో పిసినారి పెట్టినవి కావు. ఫోక్స్‌వ్యాగన్ టైగున్ 1.5లో ఇంజన్ 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దాని వెనక ఉన్న ఏడు గేర్ల పొడి డ్యూయల్ క్లచ్ పెట్టె (డీఎస్‌జీ) మోయగలిగే హద్దు కూడా 250. ఇంజన్‌ను మరో యాభైకి పెంచితే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర్లేదు. వారంటీ పోతుంది, బీమా క్లెయిమ్‌కు చెప్పకుండా చేసిన మార్పు అడ్డురావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని కట్టడి చేస్తుంది. రీమ్యాప్‌తో పాటు ఈజీఆర్ మూసేయడం, డీపీఎఫ్ తీసేయడం అంటూ ప్యాకేజీ చెప్పేవాడి షెడ్డులోంచి లేచి వచ్చేయడం మంచిది. అది పొగ నియమాల ఉల్లంఘనే. వారంటీ అయిపోయి, గేర్‌బాక్స్ సామర్థ్యం తెలిసి, పర్యవసానం భరించగలిగినవాడు చేయించుకుంటానంటే అది అతని ఇష్టం. మూడేళ్ళ వారంటీ మిగిలున్న బండికి మాత్రం నేను వద్దనే అంటాను.

నడిపే తీరుతో తీరే భాగం అనుకున్నదానికంటే పెద్దది. ఓవర్‌టేక్ చేయాలనుకున్నప్పుడు లారీ వెనక ఉండగానే ప్యాడిల్‌తో ఒకటి రెండు గేర్లు దించి ఇంజన్‌ను 2,500 దగ్గరకు తెచ్చుకుని, తర్వాత పక్కకు రావాలి. అప్పుడు ఆలస్యం లారీ వెనకే ఖర్చయిపోతుంది, ఎదురు రోడ్డు మీద కాదు. తిరుమల ఎక్కే ఘాట్‌లో ఆటోమేటిక్‌ను డీలో వదిలేస్తే మలుపు దగ్గర కాలు తీయగానే పై గేరుకు ఎక్కి, మలుపు తిరిగి నొక్కగానే మళ్ళీ కిందికి దిగడానికి తటపటాయిస్తుంది. మాన్యువల్ మోడ్‌లో రెండులోనో మూడులోనో పట్టి ఉంచితే ఆ బెడద ఉండదు, దిగే దారిలో బ్రేకులూ బతికిపోతాయి. సిగ్నల్ దగ్గర ఇంజన్‌ను ఆపేసే స్టార్ట్-స్టాప్ మీటను, అదే తొలి కదలికలో చికాకు పెడుతుంటే, నొక్కి పక్కన పెట్టొచ్చు.

కంపెనీలు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2016లో ఆడీ ఎస్‌క్యూ 7 డీజిల్‌లో 48 వోల్టుల విద్యుత్‌తో తిరిగే కంప్రెసర్ పెట్టి, పొగ కోసం ఆగకుండా గాలి నింపింది. 2022లో మెర్సిడెస్ ఏఎంజీ సీ 43లో టర్బో ఇరుసుకే చిన్న మోటారు అమర్చారు. మన జేబుకు దగ్గరగా ఉన్న జవాబు స్ట్రాంగ్ హైబ్రిడ్. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల్లో తొలి కదలికను విద్యుత్ మోటారే అందుకుంటుంది, ఇంజన్ తీరిగ్గా వచ్చి కలుస్తుంది. విద్యుత్ కార్లలోనైతే గాలీ లేదు, గేర్లూ లేవు, మోటారు టార్క్ కన్ను మూసి తెరిచేలోగా వస్తుంది. అయినా వాటిలోనూ ఎకో మోడ్‌లో కాలు నొక్కితే మెల్లగానే లేస్తాయి. మెడలు పట్టేయకూడదన్న ఆ ఫిల్టర్ ఇంజనుతో పోలేదు.

కొత్త బండి చూడబోయేవాళ్ళు షోరూమ్ మనిషి చూపించే సున్నా నుంచి వంద పరుగును పట్టించుకోనక్కర్లేదు. అది పెడల్ అడుగంటా నొక్కి, టర్బో నింపి చూపించే ఆట. ఎకోలో కాకుండా నార్మల్‌లో పెట్టమనండి. స్పీడ్ బ్రేకర్ దాటి పది కిలోమీటర్ల వేగంలో దొర్లుతూ సగం నొక్కి చూడండి. నలభైలో నిలకడగా పోతూ ఒక్కసారి మూడొంతులు నొక్కండి. ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా వేసి, ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు మీద మళ్ళీ అదే చేయండి. టెస్ట్ డ్రైవ్‌కు చుట్టుపక్కల వీధి చాలంటే ఒప్పుకోకండి.